పిల్లల రైలు, రెండో చుట్టు

1979 ఎండాకాలం. పాతబస్తీలో బహదూర్‌పురా దాటి కొంచెం ముందుకు పోతే అప్పట్లో ఒక పిల్లల పార్కు ఉండేది. సర్కారుది కాదు, ఒక సేటు సొంతంగా పెట్టుకున్నది. తిరిగే గుర్రాలు, జారుడు బండలు, ఒక చిన్న రంగులరాట్నం, వాటన్నిటి చుట్టూ తిరిగే పిల్లల రైలు. ఇప్పుడు అక్కడ ఫంక్షన్ హాలు లేచింది. పట్టాలు పీకి పాత ఇనుము కింద అమ్మేశారు. ఆ రైలుకు నేను గార్డుని.

పెద్ద రైల్లో గార్డు పని మీకు తెలిసే ఉంటుంది. చివరి డబ్బాలో నిలబడి, అందరూ ఎక్కారని చూసుకుని, విజిల్ ఊది పచ్చజెండా చూపిస్తే డ్రైవరు బండి కదిలిస్తాడు. మా రైల్లోనూ విజిలూ జెండా ఉండేవి. కానీ నన్ను పనిలో పెట్టుకున్నది వాటికోసం కాదు. చేరిన రోజే సేటు చెప్పాడు. "చూడు యాదగిరీ, బండిని ఇంజను గుంజుతది. జనాన్ని నీ నోరు గుంజాలె."

నోటికి నాకు ఎన్నడూ కొదవ లేదు. అంతకుముందు ప్రైవేటు బస్సులో కండక్టరుగా చేశాను. అఫ్జల్‌గంజ్, మదీనా, చార్మినార్, శాలిబండ అని అరిచి అరిచి గొంతు పదునెక్కింది. ఆ గొంతుకు ఇక్కడ కొత్త ఊళ్లు దొరికాయి. నేరేడు చెట్టు దగ్గరి మలుపు కాజీపేట. నీళ్ల ట్యాంకు నాగపూర్. రేకులతో చేసిన సొరంగం దాటితే బొంబాయి. గులాబీ మొక్కల దగ్గర ఢిల్లీ. "కాజీపేట దిగేటోళ్లు దిగున్రి, చాయ తాగేటోళ్లు తాగున్రి!" అని నేను అరిస్తే పిల్లలు విరగబడి నవ్వేవాళ్లు. రైల్వే పెద్దలెవరైనా విని ఉంటే నన్ను పట్టుకుపోయి భూగోళం చదివించేవాళ్లు.

డ్రైవరు ఖాదర్ భాయ్. ఆయన నిజంగానే రైల్వేలో చేసి రిటైరైన మనిషి. మా ఇంజను లోపల జీపు ఇంజను, పైన ఆవిరి బండి ఆకారంలో రేకు తొడుగు. దాన్ని కూడా ఆయన అసలు ఇంజను నడిపినంత గంభీరంగా నడిపేవాడు. ఆయన నవ్వగా నేను చూడలేదు. మా ఇద్దరినీ చూసి పార్కులోవాళ్లు, "ఒకడు ఇద్దరి నవ్వు నవ్వుతడు, ఇంకొకడు ఇద్దరి ఫికర్ చేస్తడు" అనేవాళ్లు.

పార్కులో డ్యూటీ స్మైల్ అనే మాట ఒకటి ఉండేది. డ్యూటీలో ఉన్నంతసేపు ముఖం మీద ఉండవలసిన నవ్వు. ఇంట్లో బిడ్డకు జ్వరమున్నా, కిరాయి ఇంటి ఓనరు పొద్దున్నే గొంతు మీద కూర్చున్నా, పార్కు గేటు లోపల మూతి ముడవకూడదు. దూరం ఊళ్ల నుంచి సెలవులకు వచ్చే కుటుంబాలు, ఎన్నాళ్లుగానో అనుకుని అనుకుని వస్తాయి, వాళ్ల రోజు మన చేతిలో ఉంది, ఇది సేటు రోజూ చదివే మంత్రం. ఆ మాట అబద్ధమని నేననను. ఎండలో తిరిగి తిరిగి చిటపటలాడుతూ వచ్చిన మొగుడూ పెళ్లాలు నా రైలు దిగేసరికి ఒకే చెరుకు గడను చెరి సగం చేసుకుని పోవడం కళ్లారా చూశాను.

అందులోనూ నా సొంత ఆట ఒకటి ఉండేది. నాకెవరూ నేర్పలేదు. పిల్లల రైలు సీట్లు ఇరుకు, మగవాళ్లకు మోకాళ్లు పట్టవు. తల్లులు ఎలాగో సర్దుకుని పిల్లలతో కూర్చునేవాళ్లు. తండ్రులు మాత్రం ప్లాట్‌ఫాం మీద చెప్పులు కాపలా కాస్తూ, బీడీలు కాలుస్తూ, ఎప్పుడైపోతుందా అని చూసేవాళ్లు. వాళ్లను చూసి నాకు జాలేసేది. అందుకని ప్రతి చుట్టుకూ ఒక తండ్రిని పట్టుకుని నెత్తిన తెల్ల టోపీ పెట్టి, చేతికి పచ్చజెండా ఇచ్చి, "ఇయ్యాల్టి స్టేషన్ మాస్టర్ ఈయననే!" అని చాటేవాణ్ణి. ఇక ఆ పిల్లల సంబరం చూడాలి. "మా నాయిన స్టేషన్ మాస్టర్!" అని డబ్బాల్లో ఎగిరేవాళ్లు. రైలు చుట్టు తిరిగి ప్లాట్‌ఫాంకు రాగానే తండ్రి జెండా ఊపాలి, రైల్లో ఉన్నవాళ్లంతా ఆయనకు సలాం కొట్టాలి. ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో రోజంతా ఎవరికో సలాం కొట్టే మనుషులు. వాళ్లకు అంతమంది సలాం కొడితే ముఖం ఎట్లా మారిపోయేదో చెప్పలేను. ఆ ఆట కోసమే మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు ఉండేవాళ్లు.

ఆ ఆదివారం పార్కు కిటకిటలాడుతోంది. ప్లాట్‌ఫాం పక్కన ఒకాయన నిలబడి రెండు మూడు చుట్ల నుంచి నా ఆట చూస్తున్నాడు. ముప్పై దాటి ఉంటాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త చెప్పులు. పక్కన భార్య, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి ఎనిమిదేళ్లుంటాయి, చిన్నదానికి అయిదు. చిన్నది నేను ఏ ఊరి పేరు అరిస్తే ఆ పేరు తనూ అరుస్తోంది. వాళ్ల వంతు రాగానే ఆయనే నా దగ్గరకు వచ్చాడు.

"అన్నా, గా టోపీ నాకూ పెడ్తవా?"

"ఎందుకు పెట్ట? ఏ ఊరు మీది?"

"సిరిసిల్ల. సాంచాల మీద పని చేస్త. పేరు రాజేశం."

సాంచాలంటే కరెంటుతో నడిచే మగ్గాలు. ఆ చప్పుడులో పనిచేసేవాళ్లు మామూలుగా గట్టిగా మాట్లాడుతారు. ఈయన మెల్లగా మాట్లాడుతున్నాడు.

"ఒక్క చుట్టుకు ఎంతసేపైతదన్నా?"

"ఒక బీడీ తాగి పారేసేటంత."

"గట్లయితే వీళ్లను రెండు చుట్లు తిప్పు. పిల్లలు ఎన్నడు రైలెక్కలే. మస్తు ఖుషీ అయితరు."

ఈ మాటకు నా కడుపు నిండిపోయింది. మా దగ్గరికి వచ్చే తండ్రులు, ఇంకెంతసేపు, పోదాం పా అనేవాళ్లే కానీ ఇంకో చుట్టు తిప్పమని అడిగేవాళ్లు తక్కువ. "గిట్ల ఉండాలె నాయినంటే!" అని అందరికీ వినపడేలా అన్నాను. టోపీ పెట్టాను, జెండా ఇచ్చాను. పెద్దమ్మాయి సుజాత, చిన్నది పద్మ చప్పట్లు కొట్టారు. తల్లి పేరు భూలక్ష్మి అని తర్వాత తెలిసింది. ఆమె సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మొదటి చుట్టు తిరిగి వచ్చేసరికి రాజేశం ప్లాట్‌ఫాం మీద నిటారుగా నిలబడి ఉన్నాడు. జెండా బాగా ఊపాడు. పిల్లలు సలాం కొట్టారు. ఆయన కూడా తిరిగి సలాం కొట్టాడు, అదీ నవ్వుతూ. ఇంత బాగా ఆడిన స్టేషన్ మాస్టర్ ఈ సీజన్‌లో లేడనుకున్నాను. బండి ఆపకుండా రెండో చుట్టులోకి పోనిచ్చాం.

రెండో చుట్టులో నేను మరింత రెచ్చిపోయాను. సొరంగంలో పులి ఉందన్నాను, ఢిల్లీలో ప్రధానమంత్రి మన బండి కోసం ఎదురుచూస్తున్నారన్నాను. ప్లాట్‌ఫాం దగ్గరపడగానే, "రెడీ! స్టేషన్ మాస్టర్ సాబ్‌కు సలాం!" అని అరిచాను. నాలుగు డబ్బాల్లోనూ చేతులు నుదుళ్ల మీదికి లేచాయి.

ప్లాట్‌ఫాం మీద స్టేషన్ మాస్టర్ లేడు. బల్ల మీద టోపీ బోర్లించి ఉంది, పక్కన చుట్టిపెట్టిన జెండా.

ఇలాంటప్పుడు నా వృత్తిలో ఆలోచనకు ముందు నోరు పనిచేస్తుంది. "స్టేషన్ మాస్టర్ చాయకు పోయిండు! మన రైల్వే గిట్లనే ఉంటది!" అన్నాను. రైలు రైలంతా నవ్వింది. భూలక్ష్మి కూడా నవ్వింది. పద్మ మాత్రం సలాం కొట్టిన చెయ్యి దించలేదు.

అందరూ దిగి కొత్తవాళ్లు ఎక్కారు. ఆమె పిల్లలను పట్టుకుని బల్ల దగ్గర కాసేపు నిలబడింది. చుట్టూ చూసింది. ఇంకా కంగారు లేదు, మొగుడు ఇట్లా చెప్పకుండా పోతాడా అనే చిరాకు మాత్రమే. నా దగ్గరికి వచ్చి అడిగింది. "అన్నా, పిల్లలు మళ్ల తిరుగుతమని ఒక్కటే లొల్లి. ఇంకో చుట్టు తిప్పు, నీకు పుణ్యముంటది. నేను గా నీళ్ల నల్లా దిక్కు చూసొస్త."

పిల్లలిద్దరినీ నా డబ్బాలోనే, నా కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాను. బండి కదిలింది. కాజీపేట దాటాం, నాగపూర్ దాటాం. సొరంగంలోకి పోయేముందు పద్మ నా ప్యాంటు పట్టుకుని లాగింది.

"మామా, మా నాయిన ఏ టేషన్ల దిగిండు?"

"బొంబాయిల దిగిండు బిడ్డా. నీకు పెద్ద బొమ్మ తెస్తడు," అన్నాను. ఆ చిన్నది కిలకిలా నవ్వింది.

సుజాత నవ్వలేదు. "మా నాయిన రైలెక్కనే లేదు గద మామా," అంది. "ఎట్ల దిగుతడు?"

అవసరం లేకపోయినా విజిల్ ఊదాను.

మేం తిరిగి వచ్చేసరికి భూలక్ష్మి ప్లాట్‌ఫాం మీద ఒక్కతే ఉంది. పద్మ దిగీ దిగగానే తల్లి మీదికి దూకింది. "అమ్మా, నాయిన బొంబాయిల దిగిండట! నాకు బొమ్మ తెస్తడట!"

ఆ మాటతో ఆ తల్లి ముఖంలో ఏం జరిగిందో నేను చూశాను. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది. పిల్లను వదిలేసి నా వైపు తిరిగింది.

"ఆయన నీకు చెప్పిండా అన్నా?"

"లేదక్కా. ఆటకు అన్న. రోజు అనేదే."

ఆమె బల్ల మీద కూలబడింది. పిల్లలు వినకుండా గొంతు తగ్గించి చెప్పింది. "బొంబాయి పక్కపొంటి భీవండి ఉంది గదా. ఆడ సాంచాల మీద పని ఉందని ఏడాది సంది అంటున్నడు. పిల్లలతోని ఆడికి వద్దు అన్న. మళ్ల ఆ మాట ఎత్తలే. హైద్రాబాద్ చూపిస్త, పిల్లలకు రైలు చూపిస్త అన్నడు. మారిండు అనుకున్న. వచ్చేముందు కోళ్లన్ని అమ్మిండన్నా. నాలుగు దినాలకే గద, పక్కింటోళ్లకు అప్పజెప్పుదాం అంటె ఇనలే. గప్పుడన్న నాకు తెలువద్దా?"

గేటు పక్కన మా క్లోక్ రూమ్ ఉండేది. దూరం నుంచి వచ్చినవాళ్లు సంచులు అక్కడ పెట్టి రేకు బిళ్ల తీసుకుని లోపలికి వస్తారు. అక్కడ స్టెల్లా కూర్చునేది. భూలక్ష్మిని తీసుకుపోయి ఆమెను అడిగాక ఇంక అనుమానం మిగలలేదు.

"గా ఇస్త్రీ చొక్కాయననా? ఇప్పుడే గద పోయిండు," అంది స్టెల్లా. "రెండు సంచులుంటె ఒక్కటే తీసుకున్నడు. ఇంకొకటి మా ఆడామె తీసుకుంటది, ఆమె ఆగమాగం ఉంటది, జర చూసియ్యమ్మా అని చెప్పిండు. బయట రిక్షా ఎక్కిండు. మంచి మనిషి లెక్కనే మాట్లాడిండు." మిగిలిన సంచి ముందుకు జరిపింది. ముడి సందులోంచి పిల్లల గౌన్ల అంచులు కనిపిస్తున్నాయి. భూలక్ష్మి సంచి తెరవలేదు. ముడి చూసి, ఆ ముడి వేసింది ఆయనే అంది.

నేను సేటు గదికి పరుగెత్తాను. మైకులో పేరు చెప్పిద్దాం, గేటు బయట రిక్షావాళ్లకు వినపడుతుంది, ఏ దిక్కు పోయాడో ఎవరైనా చెబుతారని నా ఆశ. సేటు తల ఎత్తకుండా విన్నాడు.

"పిల్ల తప్పిపోతె మైకుల చెప్తం యాదగిరీ. మొగుడు తప్పిపోతె గూడ చెప్పాల్నా? జనం ఏమనుకుంటరు? ఖుషీ చేసుకోనీకి వచ్చిన్రు వీళ్లందరు."

"ఆమె కూడా గందుకే వచ్చింది సేటూ."

"గందుకే చెప్తున్న. ఆమెను లోపలికి తీస్కపోయి కూసోబెట్టు. నీ మొఖం జర మంచిగ పెట్టు, అందరు నిన్నే చూస్తరు."

ఆ మనిషి చెడ్డవాడు కూడా కాదు. అది నాకు ఇంకా మంట. పండక్కి బట్టలు పెట్టేవాడు, జబ్బు చేస్తే పలకరించేవాడు. కానీ పార్కులో ఏడుపు అనేది ఆయన లెక్కలో మురికి నీళ్ల వంటిది, కనపడితే మూత వెయ్యాలి అంతే.

నేను బయటికి వచ్చేసరికి ఖాదర్ భాయ్ ఇంజను ఆపేసి దిగుతున్నాడు. ప్లాట్‌ఫాం నిండా జనం. ఎప్పుడూ ఒక్క అబద్ధం ఆడని ఆ మనిషి, సేటు గది వైపు తిరిగి గట్టిగా అన్నాడు. "సేఠ్, ఇంజన్ గరం హో గయా. ఠండా హోనా పడ్తా." నాతో మాత్రం మెల్లగా, "తూ జా. నాంపల్లి జా. బంబయ్‌ వాలీ గాడీ దేఖ్," అన్నాడు, నాంపల్లి పోయి బొంబాయి బండి చూడమని. ఇంజను వేడెక్కిందని బండి నిలిపేస్తే నాకు డ్యూటీ లేనట్టే కదా. ఆ మనిషి పెద్దమనసును తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

గార్డు డ్రస్సులోనే ఆటో ఎక్కాను. నాంపల్లి స్టేషన్‌లో బొంబాయి బండి ప్లాట్‌ఫాం మీదే ఉంది. ఒక్కొక్క డబ్బా కిటికీ దగ్గరికి పోయి పిలిచాను. "రాజేశం! సిరిసిల్ల రాజేశం!" బస్సులో, పార్కులో తయారైన గొంతు నాది, చెవిటివాడికి కూడా వినపడుతుంది. జనం తలలు బయటపెట్టి చూశారు. నా డ్రస్సు చూసి రైల్వే మనిషే అనుకుని ఒకాయన తన సీటు గురించి ఫిర్యాదు చేశాడు. కొందరు నవ్వారు. నేను పిలుస్తూనే ఉన్నాను. "రాజేశం, నీ చిన్నబిడ్డ చెయ్యి దించలేదురా!" అని కూడా అన్నాను. అంత గొంతుకు పలకలేదంటే వాడు ఆ బండిలో లేడన్నా అయ్యుండాలి, ఉండి ముఖం చాటేసుకున్నాడన్నా అయ్యుండాలి. బండి కదిలిపోయింది. ఏది నిజమో నాకు తెలియదు.

సాయంత్రం ఠాణాకు కూడా పోయాం. మగవాళ్లు అలిగి పోవడం మామూలే, రెండు దినాలు చూడండి అన్నారు. వాళ్లు దిగిన సత్రం గది పొద్దున్నే ఖాళీ చేయించాడట ఆ మనిషి, పార్కు నుంచి నేరుగా బస్సెక్కుదామని చెప్పి. ఆ ముగ్గురికీ ఆ రాత్రికి పోవడానికి చోటు లేదు. లాల్‌దర్వాజాలో మా ఇంటికి తీసుకుపోయాను.

మాది ఒక్క గది ఇల్లు. నా భార్య అంజమ్మ ఏమీ అడగలేదు. ముగ్గురి ముఖాలూ చూసి పొయ్యి మీద ఎసరు పెంచింది. భూలక్ష్మి ఒక మూల గోడకు ఆనుకుని కూర్చుంది. సుజాత తల్లిని అంటుకుని కూర్చుంది. చిన్నది మాత్రం ఇంకా రైల్లోనే ఉంది. అంజమ్మ చేతిలోంచి గరిటె లాక్కుని జెండాలా ఊపుతూ, "కాజీపేట దిగేటోళ్లు దిగున్రి!" అని గది అంతా తిరిగింది. "మా నాయిన స్టేషన్ మాస్టర్ అయిండు తెలుసా? అందరు సలాం కొట్టిన్రు," అని అంజమ్మకు చెప్పింది. సంగతి తెలియని అంజమ్మ పకపకా నవ్వింది. భూలక్ష్మి ఆ నవ్వు వైపు చూసిన చూపుకు నేను తల దించుకున్నాను.

అన్నం తినేటప్పుడు పద్మ నన్ను కూడా నవ్వించడానికి చూసింది. నా మాటలే, నా గొంతే, నా మీదకే. నవ్వాను. పిల్ల ముందు ఏడవలేను కదా. ఇన్నాళ్లు డ్యూటీలో నవ్విన నవ్వులన్నీ ఒక ఎత్తు, మా ఇంట్లో కంచం ముందు నవ్విన ఆ నవ్వు ఒక ఎత్తు.

తెల్లవారి గౌలిగూడ బస్టాండుకు తీసుకుపోయాను. ఆమె తమ్ముడు వేములవాడ దగ్గర ఉన్నాడట, అక్కడికి పోతానంది. సిరిసిల్ల ఇంటికి పోయి తలుపు తెరిచి చూసే ధైర్యం ఇంకా రాలేదంది. బస్సు రావడానికి సమయం ఉంది. పిల్లలిద్దరూ బస్సులను చూస్తూ కొంచెం అవతల నిలబడ్డారు. నేను ఏదో ఓదార్పు మాట అనాలని అన్నాను.

"పిల్లలైతే నిన్న మంచిగ ఆడుకున్నరక్కా. గదన్న మిగిలింది."

ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు. కోపముంటే బాగుండేది.

"గదే కదన్నా నా బాధ," అంది. "ఆయన ఎన్నడు పిల్లలను ఎత్తుకోలే. సాంచాల కాడికెళ్లి వస్తే తాగి పండుడే. మేం ఎట్ల బతికినమో నాకెరుక. పెద్దదానికెరుక. గీ చిన్నదానికి ఏం యాదికుంటది? అయిదేండ్ల పిల్ల. నిన్నటి దినం యాదికుంటది. టోపీ పెట్టుకున్న నాయిన, అందరు సలాం కొట్టిన నాయిన, నవ్వుకుంట జెండా ఊపిన నాయిన. వాడు ఇడిసిపెట్టిన దినాన్ని దాని బతుకులనే మంచి దినం చేసినవన్నా నువ్వు. రేపు అది పెద్దగైనంక నేను ఏం చెప్పినా నమ్మదు. నాయిన మంచోడే, నువ్వే ఎల్లగొట్టినవ్ అంటది. చూస్తుండు."

నోటితో బతికినవాణ్ణి, బస్సుల బోర్డులు చదువుతూ నిలబడ్డాను.

బస్సు వచ్చింది. సుజాత సంచి ఎత్తుకుని ముందు ఎక్కింది. పద్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "మామా, నాయిన బొంబాయి కెళ్లి వస్తే మా ఊరికి పంపు!" అని అరిచింది. పంపుతానన్నాను. ఇంకేం అనను?

తప్పు నాదని నేను అనుకోవడం లేదు. వాడు ఆ రోజు నా ప్లాట్‌ఫాం మీది నుంచి పోకపోతే మర్నాడు ఇంకెక్కడి నుంచో పోయేవాడు. కోళ్లు అమ్మినప్పుడే వాడి పయనం ఖాయమైపోయింది. నా ఒళ్లు మండేది అందుకు కాదు. నాకున్నది ఒక్కటే విద్య, మనుషుల ముఖాలు విప్పార్చడం. వాడు రెండు మూడు చుట్లు నిలబడి ఆ విద్యను చూసి, ఇది నాకు పనికొస్తుందని లెక్క వేసుకున్నాడు. దొంగ పారిపోయేటప్పుడు కుక్కకు ఎముక వేస్తాడు. వీడు పిల్లలకు నన్ను వేసి పోయాడు.

మర్నాటి నుంచి స్టేషన్ మాస్టర్ ఆట ఆపేస్తానన్నాను. జనం అడుగుతున్నారని సేటు వినలేదు. తండ్రులను మానేసి తల్లులకు టోపీ పెట్టడం మొదలుపెట్టాను. మొదట సిగ్గుపడి వద్దనేవాళ్లు. తర్వాత వాళ్లే అడిగేవాళ్లు. రైలు సొరంగంలోకి పోయేదాకా వాళ్ల కళ్లు పిల్లల మీద నుంచి కదిలేవి కావు. సేటు దాన్ని కొత్త ఐడియా అని మెచ్చుకున్నాడు.

పార్కు మూతపడే ముందు ఒక ఏడాది, సిరిసిల్ల నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఊరి పేరు విని ఉండబట్టలేక అడిగాను. వాళ్లకు తెలుసు. రాజేశం భీవండిలోనే ఉన్నాడట, ఇంకో సంసారం పెట్టాడట. భూలక్ష్మి తమ్ముడి ఇంటి పక్కన గుడిసె వేసుకుని బీడీలు చుట్టి పిల్లలను సాదుతోందట. పెద్దపిల్ల కూడా తల్లితో బీడీలు చుడుతుందట. "చిన్నదానికే తల్లితోని పడది," అంది ఆ వచ్చినామె. "వాళ్ల నాయిన మస్తు మంచోడట, రైల్వేల పెద్ద నౌకరట, తల్లి నోటికే ఇడిసి పోయిండట. దినాం గదే కొట్లాట."

ఆ రోజు మిగిలిన చుట్లన్నీ ఎట్లా తిప్పానో తెలియదు. కాజీపేట, నాగపూర్ అని అరిచే ఉంటాను. జనం నవ్వే ఉంటారు.

"మీది మంచి ఉద్యోగం, అందరినీ నవ్వించే ఉద్యోగం" అని నాతో ఎంతోమంది అన్నారు. కొత్తగా ఇటువంటి పనిలో చేరే పిల్లలు కూడా వచ్చి సలహా అడుగుతారు. నేను చెప్పేది ఒక్కటే. నవ్వించండి, తప్పు లేదు. కానీ మీరు మంచి చేస్తున్నారని ముందే మురిసిపోకండి. మీరిచ్చే సంతోషం ఎవరు ఎందుకు తీసుకుపోతున్నారో మీకు తెలియదు, దాని బాకీ ఇంటికి పోయాక ఎవరు తీర్చాలో అసలే తెలియదు. ఆ బాకీ భూలక్ష్మి తీరుస్తోంది. ఆ చిన్నదానికి మాత్రం నేను ఇప్పటికీ మంచి మామనే. నేను గుర్తొచ్చినప్పుడల్లా అది నవ్వుతూ ఉండి ఉంటుంది. నాకు మింగుడు పడనిది అదే.